నీళ్ళ డౌట్లు: ఆర్సెనిక్ టెస్ట్‌కి సీసా ఎట్లా పట్టాలి

పోయిన నెల ఇదే పేజీలో ఫ్లోరైడ్ గురించి రాసినాక, మరి నీళ్ళలో కరిగి ఉండే ఆర్సెనిక్ అనే విషం సంగతేంది మేడమ్ అని చాలామంది అడిగినారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచీ, పీలేరు వైపు నుంచీ వచ్చినాయి ఉత్తరాలు. అన్నిట్లోనూ తిరిగి తిరిగి ఒకటే ప్రశ్న కనపడింది, నీళ్ళు ఎట్లా పట్టి పంపాలి అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మాది కుప్పం దగ్గర గుడుపల్లె మండలం. చిగురుగుంట పాత బంగారు గని మా ఊరికి దగ్గరే ఉండాది, నా చిన్నప్పుడే మూతపడింది. గనుల దగ్గర నీళ్ళలో ఆర్సెనిక్ ఉంటాదని ఫోన్లో వీడియో చూసినప్పటి నుంచి మా ఇంట్లో ఆడోళ్ళు బోరు నీళ్ళు తాగాలంటే భయపడతాండారు. కూల్‌డ్రింక్ సీసా కడిగి దాంట్లో పట్టుకోనొచ్చి తిరుపతిలో ల్యాబ్‌కి ఇస్తే చెప్తారా? ఎంత పట్టాల?

తమ్ముడూ, మీ డౌటు ఉత్తదేం కాదు. చిగురుగుంట గని కోలార్ బంగారు రాళ్ళ పట్టీలోదే, కేజీఎఫ్, అంటే కోలార్ బంగారు గనులు 2001లో మూతపడినప్పుడు దాంతోపాటే ఇదీ ఆగిపోయింది. బంగారం ఉండే రాళ్ళలో ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం తోడుగా ఉండటం మామూలే. ఇనుము, గంధకం, ఆర్సెనిక్ మూడూ కలిసి ఉంటాయి దాంట్లో, గాలీ నీళ్ళూ తగిలేకొద్దీ మెల్లగా చెడి ఆర్సెనిక్‌ని నీళ్ళలోకి వదుల్తుంది. కర్ణాటకలో యాదగిరి జిల్లా కిరదళ్ళి తండాలో బంగారు గని పక్కన ఉన్నోళ్ళకి ఆర్సెనిక్ జబ్బు బయటపడింది. ఛత్తీస్‌గఢ్‌లో రాజనందగావ్ వైపు కౌరికసా అనే ఊర్లో కూడా అది బోరు నీళ్ళలోనే దొరికింది, అక్కడిదీ మనలాగా గట్టి రాతి నేలే. కాబట్టి ఇది గంగా నది పక్కనోళ్ళ జబ్బు, మనకెందుకులే అనుకోవడానికి లేదు. అట్లాగని మీ బోర్లో ఉందని కూడా నేను అనటం లేదు, పక్కపక్కనే ఉండే రెండు బోర్లలో ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోవచ్చు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, మరి టెస్ట్ చేస్తే తప్ప ఎట్లా తెలుస్తుంది.

ఇప్పుడు సీసా సంగతి. కూల్‌డ్రింక్ సీసా వద్దు. ఆర్సెనిక్ లిమిట్ ఎంతో తెలుసా, లీటరుకి 10 మైక్రోగ్రాములు, రిపోర్టుల్లో 0.01 మిల్లీగ్రాము అని రాస్తారు. మీ మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు ఉందనుకోండి, ఆ ట్యాంకు మొత్తానికి 10 మిల్లీగ్రాములు, అంటే ఒక బియ్యం గింజలో సగం బరువు కూడా ఉండదు. అంత చిన్న లెక్క చూసేటప్పుడు సీసాలో, మూతలో పాత మురికి ఏమాత్రం మిగిలినా లెక్క తప్పుతుంది. ల్యాబ్‌కి ముందే పోయి ఆర్సెనిక్ టెస్ట్‌కి సీసా ఇవ్వండి అని అడగండి, నైట్రిక్ యాసిడ్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగిన ప్లాస్టిక్ సీసా ఇస్తారు. అర లీటరు సీసా చాలు.

సీసా ఇచ్చేటప్పుడే ఒక మాట అడగాలి, దాంట్లో ముందే యాసిడ్ వేసినారా లేదా అని. వెయ్యకపోతే మీ బోరు నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబోసి తర్వాత నింపండి. యాసిడ్ వేసి ఉంటే మాత్రం తొలవకూడదు, పొర్లేదాకా నింపకూడదు, చెయ్యి లోపల పెట్టకూడదు. ఆ అడుగున కనపడీ కనపడకుండా ఉండేది గాఢమైన నైట్రిక్ యాసిడ్, చర్మం మీద పడితే కాలుతుంది. పిల్లోళ్ళ చేతికి అస్సలు ఇవ్వొద్దు.

పట్టేది బోరు దగ్గర పట్టండి, మిద్దె ట్యాంకు కుళాయిలో కాదు, ఎందుకంటే ట్యాంకులో నీళ్ళు నిలబడి మడ్డి అడుగుకి దిగిపోయి ఉంటుంది. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్ళు కూడా వద్దు, అవి రాత్రంతా బోరు గొట్టంలో నిలవున్న నీళ్ళు. రోజూ ఆడే బోరైతే పది నిమిషాలు వదిలితే చాలు. ఆడకుండా వదిలేసిన బోరైతే లెక్క వేరే. మన దిక్కు వేసే ఆరున్నర అంగుళాల బోర్లో 100 అడుగుల మేర నీళ్ళు నిలిచి ఉంటే సుమారు 650 లీటర్లు. పద్ధతి ప్రకారం దానికి మూడింతలు తోడి పారబోసినాకే లోపలి రాతి నీళ్ళు వచ్చినట్టు. ఆ నీళ్ళు దండగ అనుకోకుండా చెట్లకి మళ్ళించుకోండి. పచ్చ ట్యూబు తగిలించి పట్టొద్దు, నేరుగా పైపు మూతి దగ్గరే పట్టండి.

ఇంత చాదస్తంగా ఎందుకు చెప్తున్నానంటే ఒక అనుభవం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ప్రాజెక్టు మీద పశ్చిమ బెంగాల్లో నదియా జిల్లాకి పోయినాం. ఒక ఇంటి వాకిట్లో చేతిబోరు. ఆ ఇంటామె కొట్టి ఇస్తే సీసా పట్టినాను, అద్దంలాగా ఉన్నాయి నీళ్ళు. ఆమె టీ పెట్టి తెచ్చే లోపల చూస్తే సీసాలో లేత పసుపు. సాయంత్రం రూముకి చేరేసరికి ఇటుక రంగు తిరిగి అడుగున మెత్తటి గసి దిగింది. మాలో ఒకరు ఈ గసి ల్యాబ్‌కి ఎందుకు, బాగుండదని పైన తేరుకున్న నీళ్ళని మెల్లగా వేరే సీసాలోకి వంచినారు, నేనూ పక్కనే ఉండి సరే అన్నాను. రిపోర్టు లిమిట్ లోపలే వచ్చింది. మా పెద్ద సార్ ఆ సంగతి విని మళ్ళీ పంపించినారు. అదే చేతిబోరు, ఈసారి అక్కడికక్కడే యాసిడ్ వేసి పట్టినాం. లిమిట్‌కి ఎన్నో రెట్లు వచ్చింది.

ఏం జరిగిందంటే, నేల లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్ళలో కరిగి ఉంటుంది. పైకి వచ్చి గాలి తగలంగానే అది తుప్పులాగా మారి అడుగుకి దిగుతుంది, దిగేటప్పుడు ఆర్సెనిక్‌ని కూడా అంటించుకోని దిగుతుంది. మేము పారబోసిన ఆ గసిలోనే పోయింది మేము వెతుకుతున్నది. రెండోసారి పోకపోయి ఉంటే? ఆ ఇంటామెకి మీ నీళ్ళు మంచివే అని కాగితం ఇచ్చి వచ్చేవాళ్ళం, ఆమె ఇంకో పదేళ్ళు అవే నీళ్ళు పిల్లలకి పోసి ఉండేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందుకే నైట్రిక్ యాసిడ్. అర లీటరుకి ఒక మిల్లీలీటరు వేస్తే పీహెచ్ (నీళ్ళ పులుపు కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 కంటే కిందికి దిగుతుంది, ఇనుము కరిగే ఉంటుంది, ఆర్సెనిక్ నీళ్ళలోనే ఉంటుంది, అట్లాంటి సీసా ఆరు నెలలు ఆగినా ఏం కాదు. మీ దగ్గర యాసిడ్ లేకపోయినా దిగులు పడొద్దు. పట్టిన సీసాని పట్టినట్టే, గసి దిగినా సరే, వేరే దాంట్లోకి వంచకుండా తెచ్చి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఇదే సీసాలో యాసిడ్ వేసి ఒక రోజు ఆగి తర్వాత టెస్ట్‌కి తీసుకోండి అని చెప్పండి. దిగిన గసి మళ్ళీ కరుగుతుంది. అడగడానికి మొహమాటపడొద్దు, పని తెలిసిన ల్యాబ్ వాళ్ళు మీరు అడిగితే సంతోషిస్తారు.

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చేస్తున్నా, ప్రాజెక్టుకి స్వర్ణముఖి పక్కన బోర్ల నీళ్ళు తీసుకుంటున్నా. ఫిల్టర్ ముందా, యాసిడ్ ముందా? సీనియర్స్ ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకోటి చెప్తున్నారు. ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా అదే సీసాలోంచి చెయ్యొచ్చా?

ఫిల్టర్ ముందు తల్లీ, ఎప్పుడూ ఫిల్టరే ముందు. 0.45 మైక్రాన్ల సిరంజి ఫిల్టర్‌తో బోరు దగ్గరే వడగట్టి ఆ తర్వాత యాసిడ్ వెయ్యాలి. తిప్పి చేస్తే యాసిడ్ మట్టి రేణువులకి అంటుకోని ఉన్న ఆర్సెనిక్‌ని కూడా వదిలించి ఫిల్టర్ దాటించేస్తుంది, నువ్వు దాన్ని కరిగి ఉన్న ఆర్సెనిక్ అని థీసిస్‌లో రాసేస్తావు. హాస్టల్‌కి తీసుకపోయి రాత్రి వడగడతా అన్నా కుదరదు, అప్పటికే ఇనుము దిగిపోయి ఉంటుంది, పైన చెప్పిన కథే మళ్ళీ.

అయితే ఫిల్టర్ చేసిన సీసా ఒకటే చాలదు. జనం ఫిల్టర్ పేపర్‌లో వడగట్టుకోని తాగరు కదా, తాగే నీళ్ళు మంచివా కాదా అనే ప్రశ్నకి ఫిల్టర్ చెయ్యని సీసానే జవాబు. రెండూ పట్టు, రెండింటికీ యాసిడ్ వెయ్యి, రెండు అంకెలకీ మధ్య తేడానే నీకు చాలా చెప్తుంది. నీళ్ళలో ఆర్సెనిక్ ఉండే రెండు రూపాలు, ఆర్సెనిక్-3, ఆర్సెనిక్-5, వాటిని విడదీసి చూడాలంటే మాత్రం మీ సార్‌ని అడిగి వేరే సీసా పెట్టుకో. దానికి ఇనుముని పట్టి ఉంచే ఈడీటీయే లాంటి మందు వేసి, వెలుతురు తగలకుండా, చల్లగా ఉంచాలి, నైట్రిక్ పనికిరాదు.

ఇక ఫ్లోరైడ్, నైట్రేట్ ఆ సీసాలోంచి చెయ్యకూడదు. నైట్రిక్ యాసిడ్ వేసిన నీళ్ళలో నైట్రేట్ కొలిస్తే నువ్వు వేసిన యాసిడ్‌నే కొలుస్తావు. ఈ తప్పు నేను కళ్ళారా చూసినాను, ఒక పిల్లోడికి అన్ని బోర్లలోనూ నైట్రేట్ ఆకాశాన్ని అంటింది, ఊరంతా ఎరువుల వల్ల పాడైందని రాసుకోని వచ్చినాడు పాపం. వాటికి యాసిడ్ లేని ప్లాస్టిక్ సీసా ఇంకోటి పట్టి ఐస్ బాక్సులో పెట్టి, నైట్రేట్‌ని రెండు రోజుల్లోపే చేసేయి. ఫ్లోరైడ్‌కి గాజు సీసా వద్దు.

ఇంకో సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్తా. ల్యాబ్ నుంచి డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా ఫీల్డ్‌కి తీసుకపో, బోరు దగ్గరే దాన్ని కూడా అదే సిరంజితో, అదే యాసిడ్‌తో బోరు నీళ్ళకి చేసినట్టే చెయ్యి. దాంట్లో కూడా ఆర్సెనిక్ వచ్చిందంటే తప్పు నీ సామాన్లలో ఉన్నట్టు. ప్రతి పది సీసాల్లో ఒకదానికి జోడుగా అదే బోరు నుంచి ఇంకో సీసా పట్టు. సీసా మీద పేరు నీళ్ళు తగిలితే చెరిగే పెన్నుతో రాయొద్దు, మూత మీద రాయొద్దు, మూతలు తారుమారు అవుతాయి. తేదీ, టైము, బోరు లోతు, ఈసీ (నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే అంకె), పీహెచ్, ఆ పూట ఏం చూశావో అంతా నోట్‌బుక్కులో అక్కడే రాసుకో. ఈసీ మీటర్ అంకె మూడుసార్లు ఒకటే వచ్చేదాకా సీసా ముట్టుకోకు. బోరు లోతు ఇంటోళ్ళని అడిగితే గుర్తులేదంటారు, బోరు వేసిన బండి వాళ్ళ బిల్లు ఉందా అని అడుగు, చాలామంది బీరువాలో దాచిపెట్టుకోని ఉంటారు.

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాళహస్తి. నీళ్ళు బాగా తెర్లించి తాగితే ఆర్సెనిక్ పోతుందా? ఇంట్లో ఆర్ఓ మిషన్ ఉంది, అది చాలా?

తెర్లిస్తే క్రిములు చస్తాయి అమ్మా, ఆర్సెనిక్ పోదు. ఆవిరైపోయేది నీళ్ళు, అది గిన్నెలోనే మిగులుతుంది, అంటే ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్ఓ చాలావరకు తీస్తుంది గానీ ఆర్సెనిక్‌లో రెండు రకాలు ఉంటాయి, లోతు బోర్లలో గాలి తగలకుండా ఉండే ఆర్సెనిక్-3 అనే రకం ఆర్ఓ పొరలోంచి ఎక్కువగా జారిపోతుంది. మీకు నిజంగా డౌటు ఉంటే మిషన్‌లోకి పోయే నీళ్ళు ఒక సీసా, బయటికొచ్చే నీళ్ళు ఒక సీసా, రెండూ పంపండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు తాగేవాళ్ళైతే ముందు అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోండి. కాలువ, రిజర్వాయర్ నీళ్ళైతే ఈ భయం బోరు నీళ్ళంత ఉండదు.

ప్రశ్న: మాది నగరి దగ్గర పల్లె. కిట్టు తెచ్చి మా బోరింగు నీళ్ళు చూసినారు, పేపరు రంగు మారలేదు, ఏం లేదు తాగొచ్చు అన్నారు. దాన్ని నమ్మొచ్చా?

కిట్టు పనికొచ్చేదే. నీళ్ళలో జింకు పొడి, యాసిడ్ లాంటి మందు కలిపితే ఆర్సెనిక్ గ్యాసుగా మారి పైకి లేస్తుంది, మూతలో ఉన్న పేపరుకి తగిలితే పసుపు, ఎక్కువుంటే గోధుమ రంగు తిరుగుతుంది. బంగ్లాదేశ్‌లో 2000 తర్వాత మూడు నాలుగేళ్ళలో సుమారు 50 లక్షల చేతిబోర్లని ఇట్లాంటి కిట్లతోనే చూసి, మంచివాటికి పచ్చ రంగు, చెడ్డవాటికి ఎర్ర రంగు పూసినారు. చదువు రానోళ్ళకి కూడా ఏ బోరు తాగాలో తెలిసింది. ల్యాబ్ రిపోర్టు ఇంటింటికీ చేర్చాలంటే ఎన్నేళ్ళు పట్టేదో.

కానీ కిట్టు బాగా చెప్పేది ఎక్కువ ఉన్నప్పుడు. 10 మైక్రోగ్రాముల దగ్గర, అంటే లిమిట్ అంచున, 8 ఉందా 15 ఉందా అనేది కంటితో రంగు చూసి చెప్పడం కష్టం. నీళ్ళలో కుళ్ళిన గుడ్డు వాసన ఉంటే ఆ గ్యాసు కూడా పేపరు రంగుని మార్చేస్తుంది, దాన్ని ఆపే మందు వేసినారా అని అడగాలి. కిట్టు మీద రాసినంత సేపు ఆగినారా, రంగుని నీడలో పెట్టి పోల్చినారా అనేది కూడా చూడాలి. ఊర్లో పది బోర్లు చూసి ఏ రెండింటిని ల్యాబ్‌కి పంపాలో తేల్చుకోవడానికి కిట్టు వాడండి, తాగడానికి ఒకటే బోరు ఉన్న ఊరైతే దాన్ని నేరుగా ల్యాబ్‌కే పంపండి. కిట్టు టెస్ట్ గదిలో చెయ్యనివ్వకండి, ఆ గ్యాసు విషం, ఆరుబయటే చెయ్యాలి. పేపర్లో పాదరసం మందు ఉంటుంది, వాడినాక పిల్లలు ఏరుకునేట్టు పారెయ్యకూడదు.

మీరు ఉత్తరం చివర్లో రంగుల అద్దకం నీళ్ళ గురించి రాసినారు. దానికి ఆర్సెనిక్ టెస్ట్ ఒకటే చాలదు, క్రోమియం లాంటివి చూడాలి, సీసా పట్టేటప్పుడే ల్యాబ్ వాళ్ళకి ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: పీలేరు నుంచి. మా రిపోర్టులో ఆర్సెనిక్ ఎదురుగా బీడీఎల్ అని ఉంది. లేదు అని అర్థమా?

లేదు అని కాదు సార్, బీడీఎల్ అంటే బిలో డిటెక్షన్ లిమిట్, మా మిషన్‌కి కనపడలేదు అని. ఆ మిషన్ ఎంత దాకా చూడగలదు అనేది దాని పక్కనే రాసి ఉండాలి, లేకపోతే అడగండి. లీటరుకి 0.001 మిల్లీగ్రాము దాకా చూసే మిషన్ బీడీఎల్ అంటే ధైర్యంగా తాగొచ్చు. 0.05 కంటే తక్కువ చూడలేని మిషన్ బీడీఎల్ అంటే ఆ కాగితంతో మీకు ఏం తెలిసినట్టు? లిమిట్ 0.01 కదా. పాత రోజుల్లో లిమిట్ 0.05గా ఉండేది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో దాన్ని 0.01కి దించింది, మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ తాగునీటి ప్రమాణంలో కూడా ఇప్పుడు అదే. రిపోర్టులో యూనిట్ కూడా చూసుకోండి, మైక్రోగ్రాముల్లో 4 అంటే మంచిదే, మిల్లీగ్రాముల్లో 4 అంటే ఘోరం.

మీ రిపోర్టు ఫోటోలో నన్ను భయపెట్టింది వేరే లైను. ఫ్లోరైడ్ లీటరుకి 2.3 మిల్లీగ్రాములు ఉంది. దానికి మంచి లిమిట్ 1, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మన గ్రానైటు నేలలో ఎక్కువగా కనపడేది అదే. ఆర్సెనిక్ గురించి అడగబోయి అది బయటపడింది, మంచిదైంది. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే ఈ నెలలోనే వాళ్ళు తాగే నీళ్ళు మార్చండి, పళ్ళ మీద తెల్ల మచ్చలు వచ్చినాక తుడిస్తే పోవు.

ప్రశ్న: చంద్రగిరి నుంచి రాస్తున్నా అమ్మా. ఏ కాలంలో టెస్ట్‌కి సీసా పడితే మంచిది? ఒకసారి చేయిస్తే చాలా? మా ఆయనకి అరచేతులు మొరటుగా అయినాయి, అది నీళ్ళ వల్లేనా?

చేతుల సంగతి ముందు. ఆర్సెనిక్ వల్లైతే ఏళ్ళ తరబడి తాగినాక అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టి గింజల్లాంటి బొడిపెలు లేస్తాయి, ఒంటి మీద వాన చినుకులు పడి ఆరినట్టు మచ్చలు వస్తాయి. కోల్‌కతాలో డాక్టర్ కె.సి. సాహా 1983లో పల్లెటూరి రోగుల చర్మం మీద ఇట్లాంటి గుర్తులే చూసి బోరు నీళ్ళ దాకా పోయినారు. కానీ సేద్యం చేసే చేతులు మొరటుగా ఉండటానికి వంద కారణాలు ఉంటాయి, దాన్ని చూసి నేను ఇక్కడి నుంచి చెప్పకూడదు. చర్మం డాక్టర్‌కి చూపించండి, ఏ బోరు నీళ్ళు ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారో ఆయనకి చెప్పండి. అదే బోరులో తాగే ఇంకెవరికైనా ఇట్లా ఉందేమో కూడా చూడండి.

కాలం అంటే, మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, మే నెలలో బోర్లు అడుగంటినప్పుడు ఒకసారి, వానలు పోయి జనవరిలో నీళ్ళు పైకొచ్చినప్పుడు ఒకసారి పట్టండి. రెండూ ఒకటే బోరులోవి, ఒకటే పద్ధతిలో పట్టినవి అయ్యుండాలి. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు చూసినాం కదా, నెల ముందు ఎండిన బావులు పొర్లిపోయినాయి. అట్లాంటప్పుడు పట్టిన నీళ్ళని చూసి ఏడాది పొడుగునా ఇంతే అనుకోకూడదు. బోరు ఇంకా లోతుకి దించినా, పక్కన కొత్తది వేసినా మళ్ళీ చేయించాలి, లోతు మారితే రాయి మారుతుంది. మీరు ఇప్పుడు జనవరి కోసం ఆగొద్దు, మీ ఆయన చేతుల సంగతి ఉంది కాబట్టి ఈ వారమే ఒక సీసా పట్టి ఇవ్వండి, రెండోది తర్వాత చూసుకుందాం. రిపోర్టు వచ్చినాక, యాసిడ్ ఎప్పుడు వేసినారో అడిగి, అది కూడా రాసి నాకు పంపండి.